విజయలెచ్చుమికి పదహారో రోజు

తన ఫొటోకు వేసిన దండను తన కళ్ళతోనే చూసుకునే యోగం ఎందరికి పడుతుంది చెప్పండి! విజయలెచ్చుమికి పట్టింది. అదీ పరాయిచోట కాదు, సొంత అక్క ఇంట్లో. తెలుగువాళ్ళు ఒకప్పుడు రబ్బరు తోటల పనికి ఓడెక్కి వచ్చిన సుంగై సిపుట్‌లో, జూన్ పదమూడు గురువారం, సాయంత్రం నాలుగు కావస్తుండగా, చేతిలో పెట్టె ఇంకా కింద పెట్టకముందే.

ఈపోలో ఎక్కిన టాక్సీ ఆమెను దించి వెళ్ళిపోయింది. గేటు తీసే ఉంది, తలుపూ తీసే ఉంది, ఇనుప గ్రిల్లు మాత్రం వేసి ఉంది. ఆ కమ్మీల సందులోంచి లోపలికి చూసింది. ఎదురు గోడ మీద పెద్ద ఫొటో. నొసట గంధం, కుంకుమ. చుట్టూ ప్లాస్టిక్ మల్లెల దండ. ముందు ఎర్రటి కరెంటు దీపం. ఫొటో కింద తన పేరు, పుట్టిన తేదీ, దాని పక్కన మే తొమ్మిది.

అరవై నాలుగేళ్ళ మనిషి, బతుకంతా కెమెరాల ముందు నిలబడ్డ మనిషి, గ్రిల్లు పట్టుకుని నోరు తెరుచుకుని ఉండిపోయింది. మే తొమ్మిదిన తనేం చేసిందో గుర్తు తెచ్చుకోబోయింది కూడా, పిచ్చితల్లి. ఆ రోజు పొద్దున మోకాలి నొప్పికి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. మధ్యాహ్నం రొట్టె కొనుక్కుంది. చావలేదు, ఆ సంగతి మాత్రం ఖాయం.

చచ్చింది మీనా.

మీనా ఎవరో చెప్పకపోతే ఈ కథ ముందుకు నడవదు. ఇంగ్లండులో టానర్స్ రో అని ఒక సీరియల్ ఉంది. వారానికి మూడు రోజులు వస్తుంది, ఎప్పుడు మొదలైందో చూసేవాళ్ళకే గుర్తు లేదు. ఆ వీధి మలుపులో కిరాణా దుకాణం నడిపే ఆవిడ మీనా దేశాయ్. ఆ మీనా వేషం కట్టింది మన విజయలెచ్చుమి. తెరమీద పేరు విజీ డాస్. దాసు అనే రబ్బరు కోతమనిషి కూతురు, పంతొమ్మిదో ఏట ఎస్టేటు విడిచి నర్సు చదువుకని ఇంగ్లండు పోయింది. ఆసుపత్రిలో క్రిస్మస్‌కు వేసిన నాటకంలో ఎవరో జ్వరంతో పడుకుంటే వాళ్ళ వేషం తను కట్టింది. చూసినవాళ్ళు మరోచోటికి పిలిచారు. అలా అలా ముప్పై ఎనిమిదో ఏట మీనా దొరికింది. ఆరు వారాల వేషం అన్నారు. ఇరవై ఆరేళ్ళు సాగింది.

మీనాకు రచయితలు ఏ లోటూ చేయలేదు. భర్త, ముగ్గురు పిల్లలు, గయ్యాళి అత్త, ఒక అగ్నిప్రమాదం, రెండు దొంగతనాలు. కూతురు ఇల్లు విడిచిపోయింది, తిరిగొచ్చింది, మళ్ళీ పోయింది. దుకాణం వెనక వేసిన ఇంటి సెట్లో మెట్లుండేవి. ఆరే మెట్లు. "పడుకోండిక" అని పిల్లలను కేకేసి మీనా ఆ ఆరు మెట్లూ ఎక్కేది. ఆపైన ఇల్లు లేదు. ఒక చెక్క, పట్టుకోవడానికో కమ్మీ, అంతే. కింద ఎవరో "కట్" అనేదాకా ఆ చెక్క మీద చీకట్లో నిలబడాలి. ఎన్ని వందలసార్లు నిలబడిందో లెక్కలేదు.

ఇక విజయలెచ్చుమి సొంత సంసారమంటారా, చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. షూటింగులో మైకు పట్టుకునే గ్రాహమ్‌ను చేసుకుంది. ఎనిమిదేళ్ళు కాపురం చేశాడు. "నువ్వు ఇంట్లో మీనా కన్నా తక్కువ మాట్లాడతావు" అని ఒకరోజు అన్నాడు, ఆ తర్వాత నెలకే వెళ్ళిపోయాడు. చెడ్డవాడు కాడు. పిల్లలు లేరు. తెరమీది కూతురు ప్రతి ఏడూ అమ్మకు అని కార్డు పంపేది, అదే అమ్మతనం.

కిందటి మార్చిలో ప్రొడ్యూసరు టీకి పిలిచింది. బల్లమీద మంచి బిస్కట్లు, చాక్లెట్ పూసినవి. అవి చూడగానే విజయలెచ్చుమికి అర్థమైపోయింది. ఆ సెట్లో అందరికీ తెలిసిన సంగతే, మంచి బిస్కట్లు పెట్టారంటే నిన్ను చంపబోతున్నారని. గుండెపోటు అన్నారు. ప్రేక్షకులు కదిలిపోతారన్నారు. నిజంగానే కదిలిపోయారు. బస్సు డ్రైవరు ఆమె చెయ్యి పట్టుకుని, మీరు లేకుండా ఆ దుకాణం ఎలా చూడాలండీ అన్నాడు. ఆమె అతన్ని ఓదార్చి తన స్టాపులో దిగింది.

ఆ చావు ప్రసారం కాకముందే, ఏప్రిల్ చివర్లో, వంటింట్లో కాలు జారింది. గంటన్నర లేవలేకపోయింది. ఐదో అంతస్తు ఫ్లాటు, పక్కవాళ్ళు ఊళ్ళో లేరు. ఎవరిని పిలవాలి? ఒక్క పేరు తట్టలేదు. ఆఖరికి నోట్లోంచి వచ్చిన మాట "అప్పా" అని. ఎస్టేటులో అక్కను అప్ప అనేవాళ్ళు. ఆ మాట నోటితో పలికి ఎన్నేళ్ళయిందో.

అప్ప దాలమ్మతో మాటలు తెగి పంతొమ్మిదేళ్ళు. తల్లి పోయినప్పుడు విజయలెచ్చుమి రాలేదు. షూటింగు అంది. ఆ వారమే తీస్తున్నది మీనా అత్త చావు. ఉత్తుత్తి అత్త శవప్పెట్టె పట్టుకుని ఏడ్చిన ఏడుపుకు బహుమతి కూడా ఇచ్చారు. ఆ సంగతి ఎలాగో దాలమ్మ చెవిన పడింది. ఆ తర్వాత రాసిన ఏ ఉత్తరానికీ జవాబు లేదు, ఫోను నెంబరు మారింది. విజయలెచ్చుమి దగ్గర మిగిలింది ఒక చిరునామా.

అయినా వచ్చింది. తిరుగు టికెట్టు కొనుక్కోకుండా వచ్చింది. విమానంలో పదమూడు గంటలూ ఒక్క మాట వల్లె వేసుకుంది. "అప్పా, నాను ఇక్కడే ఉండిపోతాను. నీకు కష్టమేటి?" ఎక్కడ ఆగాలి, ఎక్కడ గొంతు తగ్గించాలి అన్నీ చూసుకుంది. వేషాలు కట్టిన మనిషికి అలవాటు పోదు కదా. ఆ ఒక్క మాటకూ అప్ప ఊఁ అనాలి. అనకపోతే ఆ ఐదో అంతస్తు, ఆ వంటింటి నేల. అంతకు మించి ఆమెకు ఈ లోకంలో ఏమీ లేదు.

"ఎవులది?" అని లోపలినుంచి గొంతు.

నడుముకు చుట్టుకున్న బాతిక్ కైలీకి తడిచేతులు తుడుచుకుంటూ దాలమ్మ వచ్చింది. డెబ్బై ఏళ్ళు. ఎండిపోయింది గాని నడక అదే, మడమలు గట్టిగా వేసే నడక. గ్రిల్లుకు అవతల నిలబడి చూసింది. దండ వేసిన మనిషి గుమ్మంలో ప్రత్యక్షమైతే ఎవరైనా కెవ్వుమంటారు, కింద పడతారు, దేవుణ్ణి తలుచుకుంటారు. దాలమ్మ అదేమీ చేయలేదు. కాసేపు చూసి తాళం తీసింది.

"సెప్పులు బయటే ఇడు," అంది.

విజయలెచ్చుమి చెప్పులు విడిచి లోపలికి వచ్చింది.

"జుట్టేటి అలగయిపోనాది? కోసీసినావా?"

"అప్పా, అదేటి?" అంది విజయలెచ్చుమి, గోడవైపు వేలు చూపించి.

"సూస్తే తెలీదా? ఫొటో."

"నాను బతికే ఉన్నాను గదా!"

"కనపడతన్నావు లా," అంది దాలమ్మ, ఇక్కడివాళ్ళు మాట చివర తగిలించే ఆ 'లా'తో.

అంతటి గడియలోనూ విజయలెచ్చుమికి నవ్వొచ్చింది. దాన్ని వెంటనే కోపం మింగేసింది. దగ్గరికి వెళ్ళి చూసింది. ఫొటోలో ఉన్నది తను కూడా కాదు. నల్లటి సవరం, మెరూన్ రంగు చీర, మేకప్ వాళ్ళు గీసిన కనుబొమలు. సీరియల్ వాళ్ళు మీనాకు వీడ్కోలు చెప్పడానికి ఫోనుల్లోకి వదిలిన ఫొటో అది.

సోఫా మీద కూర్చోబెట్టి, ఫ్యాను వేసి, దాలమ్మ జరిగింది చెప్పింది. బంటింగ్‌లో లోగేశ్వరన్ అనే అతను ఉన్నాడు, తమ పాత ఎస్టేటు వాళ్ళందరినీ ఫోను గ్రూపులో చేర్చింది అతనే. మే తొమ్మిదిన అతను ఆ గ్రూపులో ఒక వీడియో పెట్టాడు. మన విజయలెచ్చుమి లండన్‌లో పోయింది, ఇదిగో సాగనంపుతున్నారు అని.

"పెట్టె ఉంది. దాని మీద నీ ఫొటో. అయ్యోరు మంత్రాలు సదువుతన్నాడు. మొగుడు గుండె బాదుకుంటన్నాడు. పిల్లలు ముగ్గురూ పెట్టె ఇడిసిపెట్టడం నేదు. ఇంక అనుమానం ఎలగొస్తాది? తెలుక్ ఇంటాన్ నుంచి, బంటింగ్ నుంచి కార్లేసుకుని వచ్చినారు. ఈ గదిలో కూకోడానికి సోటు నేదు. సెయ్యి పట్టుకుని ఏడిసినారు నాతోటి."

"అది సీరియల్ అప్పా. ఆడు నా మొగుడు కాడు. ఆ పిల్లలు నా పిల్లలు కారు."

"తెలుసు."

"ఎప్పుడు తెలిసినాది?"

"ఐదో రోజున. మోహనప్రియ ఫోనంతా సదివి సెప్పినాది."

మోహనప్రియ దాలమ్మ మనవరాలు. బజారులో ఒక క్లినిక్‌లో పనిచేస్తుంది. ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే. ఇంగ్లీషు చదివి అర్థం చేసుకునేది ఆ పిల్ల ఒక్కతే.

ఐదో రోజు. విజయలెచ్చుమి మళ్ళీ గోడవైపు చూసింది. ఇక్కడివాళ్ళకు పదహారో రోజు కరుమాది. పదిమందినీ పిలిచి, పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి, ఫొటో ముందు పెట్టి, దండ వేసి, ఇక వెళ్ళిరా అని చెప్పే రోజు. దండ ఉందంటే కరుమాది జరిగిందన్నమాట. ఐదో రోజునే తెలిసి కూడా.

గిర్రున అక్క వైపు తిరిగింది. "తెలిసి సేసినావా? బతికున్న మనిసికి కరుమాది సేసినావా? అమ్మకి రానేదని పగ తీర్సుకున్నావా అప్పా?"

దాలమ్మ కైలీ అంచు వేళ్ళతో సాపు చేసుకుంది.

"పగే అనుకున్నాను నానూ," అంది. "కాదు. ఇను. ఆ ఐదు రోజులూ ఏడుస్తానే ఉన్నాను గాని లోపల ఒక పక్క సంతోసం. నా సెల్లికి ఎంత మందున్నారు, మొగుడు ఎలగ ఏడుస్తన్నాడు, పోనీలే, నాను నేకపోయినా దానికి మనుసులున్నారు అనుకున్నాను. ఐదో రోజున ఈ గుంటొచ్చి, ఆళ్ళందరూ డబ్బులుచ్చుకుని ఏడిసినోళ్ళు అమ్మమ్మా అంది. అయితే దానికి నిజంగా ఎవులున్నారో ఎతుకు అన్నాను. పొద్దుపోయేదాకా ఎతికినాది. ఒక్కడ్ని సూపించనేకపోనాది."

ఫ్యాను టకటకమని తిరుగుతోంది.

"నాకు డెబ్బై. నాను ముందు పోతే నీకెవులు సేస్తారే? ఆ దేసంలో ఎవులు ఏడుస్తారు? అందుకని సేసీసినాను. గారెలు ఒండినాను. నీకిష్టమని ఎండు నెత్తళ్ళ ఇగురు ఒండినాను. ఎనబై మంది తిన్నారు. నీ పేరు సెప్పుకుని తిన్నారు."

విజయలెచ్చుమి ఇన్నేళ్ళూ ఎంతమంది రచయితలు రాసిన ఎన్ని మాటలు పలికింది, ఒక్కటి అక్కరకు రాలేదు. తన గురించి ఇంతగా ఆలోచించిన మనిషి మరొకరు ఈ భూమ్మీద లేరు, ఆ మనిషే తనకు దండ వేసింది. ఇప్పుడు అడగాలి, ఇదే సమయం అనుకుంది.

"అప్పా, నాను ఇక్కడే..."

గేటు చప్పుడైంది.

"దాలమ్మా! టాక్సీ వచ్చినాది లా! ఎవులొచ్చినారు?"

దాలమ్మ ముఖం పాలిపోయింది. చెల్లెలి మణికట్టు గట్టిగా పట్టుకుంది. "రాసమ్మ. ఎదురిల్లు. దీనికి తెలిస్తే ఈ తామాన్ ఈదులన్నిట్లో ఇంటింటికీ తెలిసినట్టే. గుడి కోయిలోళ్ళు, అయ్యోరు, ఆ వచ్చినోళ్ళు... తెలిసీ సేసినానంటే నా మొకం ఎక్కడెట్టుకోనే?"

జన్మలో చెల్లెలిని ఏదీ అడగని మనిషి. చిన్నప్పుడు తన వాటా అన్నం కూడా పెట్టింది గాని అడగలేదు. ఇప్పుడు అడుగుతోంది. విజయలెచ్చుమి తలూపింది.

రాసమ్మ లోపలికొచ్చింది. ఆరోగ్యంగా ఉన్న మనిషి, చేతిలో గిన్నె. పదేళ్ళ కిందట తెలుక్ ఇంటాన్ నుంచి కొడుకు ఉద్యోగం వెంట వచ్చి ఇక్కడ స్థిరపడింది. విజయలెచ్చుమిని ఫొటోలో తప్ప చూసిన మనిషి కాదు; ఆ ఫొటోలో నల్లటి సవరం, ఎదురుగా కత్తిరించిన తెల్లజుట్టు.

"మా సెల్లి స్నేహితురాలు," అంది దాలమ్మ. "లండన్ నుంచొచ్చినారు, పలకరించడానికి."

"అయ్యో పావం, అంత దూరం నుంచా!" రాసమ్మ గిన్నె బల్లమీద పెట్టి ఎదురుగా కూలబడింది. "పేరేటమ్మా?"

"మీనా," అంది విజయలెచ్చుమి.

ఆలోచించి అన్న మాట కాదు. వేషం కట్టమంటే నోటికొచ్చే పేరు అదొక్కటే.

"తెలుగు మాటాడతన్నారే! అచ్చం మా ఓళ్ళ మాటే!"

"విజీయే నేర్పినాది," అంది. భుజాలు కాస్త వంచింది, గొంతు ఒక మెట్టు దించింది, మాటకూ మాటకూ నడుమ పరాయిమనిషి వెతుక్కునే ఎడం పెట్టింది. "కాళీ దొరికితే మీ మాటే మాటాడేది. ఇనడానికి ఎవులూ నేరు గదా, నాకు నేర్పుకుంది."

రాసమ్మకు కళ్ళు చెమ్మగిల్లాయి. "ఆయనెలగున్నారు? ఆ మొగుడు? ఎంత ఏడుపమ్మా! మా ఆయన పోతే నాను కూడా అంత ఏడవనేదు లా."

ఆ మొగుడు వేషగాడు ఆ షాటు అవగానే శాండ్‌విచ్ తింటూ తన కొత్త కారు సంగతి చెప్పాడు. "తేరుకుంటన్నారు," అంది విజయలెచ్చుమి. "పిల్లలున్నారు గదా, సూసుకుంటారు."

దాలమ్మ టీ పెట్టడానికి లేచింది. వంటగది గుమ్మం దగ్గరే స్టవ్వు. అక్కడికి అన్నీ వినపడతాయి.

"మంచిదే అంటారు అందరూ," అంది రాసమ్మ ముక్కు తుడుచుకుని. "పోయినోళ్ళని అనకూడదు గాని, కన్నతల్లి పోతే రానేదమ్మా మీ స్నేహితురాలు. దాలమ్మ ఒక్కతే సేసుకున్నాది అన్నీ. అదేం మనిసి? తప్పు సెప్పినానా?"

స్టవ్వు దగ్గర గిన్నె చప్పుడు ఆగింది.

"తప్పు కాదు," అంది విజయలెచ్చుమి. "ఆవేల నాను దాని పక్కనే ఉన్నాను. పొద్దున్నే ఫోనొచ్చినాది. షూటింగుకి వెళ్ళి, మా అమ్మ పోయింది, నాను వెళ్ళాలి అన్నాది. ఈ వారం కాకపోతే నలభై మంది పని ఆగిపోతాది, ఆలోసించుకో అన్నారు ఆళ్ళు. ఒక్కపాలి అడిగింది. రెండోపాలి అడిగితే పంపించీసేవారే. అడగనేదు."

"ఎందుకనమ్మా?"

ఎందుకు? పంతొమ్మిదేళ్ళుగా ఆ ప్రశ్నకు సర్ది చెప్పిన జవాబులు చాలా ఉన్నాయి ఆమె దగ్గర. అవన్నీ విజయలెచ్చుమివి. మీనాకు దాచుకోవాల్సిన అవసరం ఏముంది?

"బయం. వెళ్తే ఆ వేషం ఇంకొకరికి ఇచ్చీస్తారని బయం. అదొక్కటే నిజం. మిగతావన్నీ నాటకాలు. కన్నతల్లి కన్నా ఆ దుకాణం బల్ల ఎక్కువైపోయినాది దానికి."

రాసమ్మ నోరెళ్ళబెట్టి వింటోంది.

"ఆరోజు తీసింది అత్త చావు. ఆ పెట్టె మీద పడి, అమ్మా, అమ్మా, నన్ను ఒగ్గీసి పోయినావా అని ఏడిసినాది. తెలుగులో. కాగితం మీద ఉన్న మాట కాదది. ఎవులికీ అర్థం కానేదు గాని అందరూ అలగే నిలబడిపోయినారు. ఆ ఏడుపుకే బహుమతి ఇచ్చినారు. పట్టుకొచ్చి బట్టలుతికే మిషను పక్కన అలమరలో పడీసినాది. ఎప్పుడూ ఎవులికీ సూపించనేదు. ఈ అప్పకి ఉత్తరాలు రాసేది. ఒక్కదాన్లోనూ ఈ మాట రాయనేదు. వాన గురించి రాసేది, సలి గురించి రాసేది. తప్పైపోయినాది అని మాత్రం రాయనేకపోయినాది."

చెంపలు తడిసిపోయాయి. ఇది నటనో కాదో తెలుసుకునే ఓపిక ఆమెకు లేదు. రాసమ్మ లేచి వచ్చి ఆమె తల తన పొట్టకు ఆనించుకుంది, పరాయిదని చూడకుండా.

"పాపం లా. మంచి మనిసే. మనసులో ఎట్టుకుని కుళ్ళిపోయినాది."

టీ తాగి, గిన్నెలో తెచ్చిన పాయసం ఫొటో ముందు పెట్టి దణ్ణం పెట్టుకుని, దీపాల వేళ అవుతోందని రాసమ్మ వెళ్ళిపోయింది. తను పెట్టించుకున్న దణ్ణాన్ని విజయలెచ్చుమి పక్కనే కూర్చుని చూసింది.

ఇంట్లో మళ్ళీ ఇద్దరే. దాలమ్మ టీ కప్పులు తీయలేదు. వచ్చి సోఫాలో ఆ చివర కూర్చుంది. చెల్లెలి వైపు తిరగలేదు, ఫొటో వైపే చూస్తోంది. ఇప్పుడు తిడుతుంది, లేదా పట్టుకుని ఏడుస్తుంది, రెండింట్లో ఏదైనా పరవాలేదు అనుకుంది విజయలెచ్చుమి.

"ఇంకో ఇసయం అడగాలి మీనమ్మా," అంది దాలమ్మ.

ఎగతాళేమోనని విజయలెచ్చుమి చూసింది. కాదు.

"మా సెల్లికి ఇక్కడికి వచ్చీయాలని ఎప్పుడైనా అనిపించినాదా? మీకేటైనా సెప్పినాదా?"

"సెప్పినాది. అప్ప దగ్గర ఉండిపోవాలని ఉంది అన్నాది. అడగడానికి మొకం సెల్లనేదు."

"పిచ్చిముండ. అడిగితే కాదందునా? పైన గది కాళీయే గదా. ఈ గుంట తల్లి పెళ్ళయి ఎల్లిపోయినకాడినుంచీ కాళీయే. పరుపు ఎండలో ఎడతానే ఉన్నాను ప్రతి ఏడూ. ఎవులికోసం ఎడతన్నావు అని మా ఆయన తిట్టేవారు."

వల్లె వేసుకున్న మాటలో మిగిలింది ఇదే. "ఇప్పుడడిగితే?"

దాలమ్మ ఫొటో వైపే చూసింది. ఆ చూపులో కోపం లేదు, పగ లేదు. పగ ఉన్నా బాగుండేది.

"ఇప్పుడెలగమ్మా," అంది మెల్లగా. "పోయినాది గదా. ఎనబై మంది వచ్చి ఏడిసి ఎల్లినారు. ఆళ్ళ ఏడుపు ఎనక్కి ఎలగిచ్చీను? నాను కూడా ఏడిసినాను. మళ్ళీ ఆ పంతొమ్మిదేళ్ళ కాడికి ఎల్లి దాన్ని తిట్టడం నా వల్ల కాదు. పోయినకాడినుంచే నాకు దగ్గరైనాది." కప్పులు ఒకదానిలో ఒకటి పెట్టి చేతిలోకి తీసుకుంది. "మీరుండండి. ఎన్నాళ్ళయినా ఉండండి. దాని స్నేహితురాలంటే మాకు పరాయోరా?"

బయట మోటారుబైకు ఆగింది. హెల్మెట్ చేత్తో పట్టుకుని మోహనప్రియ లోపలికొచ్చింది, క్లినిక్ నీలం చొక్కాలో. సోఫాలో ఉన్న మనిషిని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. సీరియల్ వీడియోలన్నీ చూసిన పిల్ల, జుట్టు తెల్లబడినంత మాత్రాన పోల్చుకోదా? కళ్ళు పెద్దవయ్యాయి.

"సిన్న పాటీ!" అంది. ఇక్కడి పిల్లలకు చిన్నమ్మమ్మ అనడానికి తమిళమే నోటికొస్తుంది. చేతిలో హెల్మెట్ కింద పడేసి రెండడుగులు ముందుకు వేసింది.

ఆ రెండు మాటలకు విజయలెచ్చుమి లేచి నిలబడిపోయింది. అరవై నాలుగేళ్ళలో ఆమెను అలా పిలిచినవాళ్ళు లేరు.

"మీనా ఆంటీ," అంది దాలమ్మ వంటగదిలోంచి. "సరిగా పిలు. మీ సిన్న పాటి స్నేహితురాలు. మనింట్లోనే ఉంటారు."

మోహనప్రియ అమ్మమ్మ వైపు చూసింది, విజయలెచ్చుమి వైపు చూసింది, గోడమీద దండ వైపు చూసింది. అర్థమైంది. చిన్నపిల్ల కాదు. వంగి హెల్మెట్ తీసుకుంది.

"వాంగ, మీనా ఆంటీ," అంది తమిళంలోనే రమ్మంటూ, తల వంచుకుని. "పెట్టె నేను తెస్తాను."

"వద్దమ్మా, బరువు లేదు," అంది విజయలెచ్చుమి.

పెట్టె పట్టుకుని మెట్లెక్కింది. ఒకటి, రెండు, మూడు. మోకాలు కలుక్కుమంటోంది. ఆరో మెట్టు దగ్గర కాలు దానంతటదే ఆగింది, తర్వాత ఇంకా మెట్లున్నాయని గుర్తొచ్చి మళ్ళీ నడిచింది. పైన నిజంగానే గది ఉంది. కిటికీ ఉంది, మంచం ఉంది, ఎండ వాసన వేసే పరుపు ఉంది. పెట్టె కింద పెట్టి, ఎన్నో ఏళ్ళ అలవాటు కొద్దీ తలుపు దగ్గర కదలకుండా నిలబడింది, కిందనుంచి ఎవరైనా "కట్" అంటారేమోనని.

కింద దాలమ్మ కప్పులు కడుగుతోంది. ఎవరూ ఏమీ అనలేదు.